పురుషోత్తమ చౌదరిగారును మన కీర్తనలును



ఆదివారమున మీరు గుడికి తీసికొనిపోవు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును ఈ సాయంకాలము ఒకసారి తెరచి చూడుడి. పాటను చదువనక్కరలేదు, అది మీకు నోటికి వచ్చును. దానితోపాటు ముద్రించిన రాగము పేరును, తాళము పేరును, వ్రాసిన భక్తుని పేరును చూడుడి. మనలో అనేకులము వీటిని చూడకయే దాటిపోవుదుము. పల్లవి యెత్తుకొనుటకు వాటితో పనియేమి అని మన తలంపు. అయితే ఆ పేర్లను వరుసగా చూచుచు పోయినయెడల ఒక పేరు మరల మరల మీ కంటబడును. అది పురుషోత్తమ చౌదరి అను పేరు.

అరకు లోయలోను, పాడేరు మన్యములోను, సాలూరు ఘాటు రోడ్డు ప్రక్కనున్న పల్లెలలోను ఈ పేరు ఎరుగని విశ్వాసులు సహా ఆయన మాటలతోనే దేవుని స్తుతించుచున్నారు. ఆయన మనకు దూరస్థుడు కాడు. మన యీ కొండల వరుస ఈశాన్యముగా సాగిపోయి మహేంద్రగిరియై లేచిన చోట, ఆ కొండల పాదమున పర్లాకిమిడి యను పట్టణమున్నది. ఆయన ఆ సీమ బిడ్డ. నేడు పెద్ద సంఘములలో గాయక బృందమున్నది, దానికి నాయకుడున్నాడు, వారమునకు రెండు దినములు అభ్యాసమున్నది. చౌదరిగారి తొలి దినములలో మన తెలుగు సంఘమునకు బృందము లేదు, నాయకుడు లేడు, పాడుటకు పుస్తకము సహా లేదు. అట్టి కాలమున పాట కట్టినవాడే పాట నేర్పువాడు. ఒక బృందమునకు గాక ఒక భాషాజనమునకే పాడుట నేర్పిన ఆ పెద్దను గూర్చి కొంచెము చెప్పుకొందము.

చౌదరిగారు 1803వ సంవత్సరమున పర్లాకిమిడి దాపుననున్న మదనాపురములో జన్మించిరి. వంగదేశము నుండి వచ్చి ఈ సీమలో స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబము వారిది. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. ఆ దినములలో పర్లాకిమిడి గంజాము జిల్లాలోని పెద్ద జమీందారీ. పట్టణము ప్రక్కనే మహేంద్రతనయ ప్రవహించుచుండును. వీధిలో తెలుగు, ఒడియా రెండును సమానముగా వినబడును. కొండలలోనుండి సంతకు దిగివచ్చు సవరల భాష ఆ రెంటికిని చుట్టము కాదు. చౌదరిగారి యింటి మూలభాష వంగభాష, చుట్టునున్నది ఒడియా, చదువుకొనినది తెలుగు, సంస్కృతములు. ఇన్ని భాషల కూడలిలో పెరిగినవాడు హృదయమును విప్పుటకు తెలుగునే ఎన్నుకొనుట మన భాగ్యమని నేననుకొందును. ఆయన పాటలలో సంస్కృతపు మాట ఎంత సుళువుగా వచ్చునో, పల్లెవాని మొరయు అంతే సుళువుగా వచ్చును.

ఆయన పుట్టిన రెండేండ్లకు, అనగా 1805లో, లండను మిషనరీ సంఘమువారైన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజ్ అను ఇద్దరు దొరలు విశాఖపట్నమునకు వచ్చిరి. వారికి తోడుగా ఆనందరాయరు అను స్వదేశ విశ్వాసి సువార్తలను తెలుగు చేయుటలో పాటుపడెను. 1809లో క్రాన్ దొరయు, మరుసటి యేడు డిగ్రాంజ్ దొరయు చనిపోయిరి. ఇద్దరును తమ పని అచ్చులో చూడలేదు. 1812లో సీరాంపూరులో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగున అచ్చుపడెను. 1818లో ప్రిచెట్ దొరగారి క్రొత్త నిబంధన చెన్నపట్టణమున వెలువడెను. అప్పటికి మన పురుషోత్తముడు పదునైదేండ్ల బాలుడు. చూడుడి, ఒక బాలుడు పర్లాకిమిడిలో అక్షరములు దిద్దుచుండగా, అతడు ఒకనాడు చదువబోవు పుస్తకమును ఎవరో నూరు మైళ్లకు పైని సముద్రపుటొడ్డున కూర్చుండి సిద్ధపరచుచుండిరి!

వైష్ణవ నిష్ఠలో పెరిగిన ఆ యువకుని చేతికి ఒక చిన్న తెలుగు క్రైస్తవ పుస్తకము వచ్చెను. దానిని చదివి ఆయన ఊరకుండలేకపోయిరి. ఆ దినములలో శ్రీకాకుళమున హెలెన్ నాట్ అను ఆంగ్ల సోదరి విశ్వాసములో స్థిరురాలై, విచారించి వచ్చువారికి సువార్త తెలియజెప్పుచుండెను. చౌదరిగారికి ఆమె దారి చూపెను. 1833లో ఆయన కటకమునకు పోయి బాప్తిస్మము పొందిరి. కటకమున అప్పుడు పనిచేయుచుండినది ఇంగ్లాండు దేశపు బాప్తిస్టు మిషను. ఆ మిషనువారు ఈ ప్రాంతమున ఇచ్చిన తొలి బాప్తిస్మము 1827 క్రిస్మసు దినమున బరంపురములో జరిగెను. దానిని పొందినవాడును తెలుగువాడే. అటు తరువాత చౌదరిగారు చిరకాలము లండను మిషనుతో కలిసి పనిచేసిరి. బాప్తిస్టుల నీటిలో మునిగి, లండను మిషను పొలములో విత్తినవాని పాటలను నేడు లూథరను వారును, దక్షిణ ఇండియా సంఘము వారును, బాప్తిస్టులును తమవేయని పాడుకొనుచున్నారు. మిషనుల హద్దులను గూర్చి మనము కమిటీలలో ఎన్ని తీర్మానములు చేసికొనినను, కీర్తనల పుస్తకము ఆ తీర్మానములను ఎన్నడును పాటించలేదు.

ఆ 1833వ సంవత్సరము సామాన్యమైన సంవత్సరము కాదు. పర్లాకిమిడి జమీందారీ అప్పుడు అల్లకల్లోలముగా నుండెను. కుంపిణీ ప్రభుత్వము 1832లో జార్జి రస్సెల్ అను అధికారిని ప్రత్యేకముగా పంపి, సైన్యమును నడిపించి, రెండేండ్ల పాటు ఆ సీమలోని తిరుగుబాటులను అణచెను. తరువాత గుంసూరు యుద్ధము వచ్చెను. 1839లో చేసిన చట్టముతో గంజాము, విశాఖపట్నము జిల్లాల కొండసీమలు మామూలు కోర్టుల నుండి తీసివేయబడి గవర్నరుగారి ఏజెంటు చేతి క్రిందికి పోయెను. మన పెద్దలు ‘ఏజెన్సీ’ అని పిలిచిన పేరు అప్పటిదే. ఇట్టి సమయమున దొరల మతమును పుచ్చుకొనిన బ్రాహ్మణుని సొంత పట్టణము ఏ కన్నుతో చూచియుండునో మీరే ఊహించుకొనుడి.

నష్టము గౌరవముతోనే తీరలేదు. హిందూ ధర్మశాస్త్రము ప్రకారము కులము విడిచినవానికి తండ్రి ఆస్తిలో భాగము లేదు. మతము మార్చుకొనినందున ఆస్తి హక్కు పోదని దేశమంతటికిని వర్తించు చట్టము 1850లో గాని రాలేదు. చౌదరిగారు బాప్తిస్మము పొందిన నాటికి ఆ చట్టము ఇంకను పదునేడేండ్ల దూరముననుండెను. ఆయన ఏమి విడుచుచున్నది తెలిసియే విడిచిరి. స్వజనులు కాదన్నవానికి దేవుడు ఒక సహోదరుని ఇచ్చెను. తమ్ముడు జగన్నాథ చౌదరి సహా ప్రభువును అంగీకరించి సువార్త పనిలో ప్రవేశించెను. చౌదరిగారు ‘కులాచార పరీక్ష’ యను పుస్తకమును వ్రాసిరి. కులమును గూర్చి బయటివాడు వ్రాసిన యెడల అది తగవగును. కులము వలన వచ్చు మర్యాదలన్నియు అనుభవించి, వాటిని చేజేత వదలుకొనినవాడు వ్రాసినప్పుడు అది సాక్ష్యము.

ఇక పాటల సంగతికి వత్తము. నేను చెప్పదలచినది ముఖ్యముగా ఇదియే.

చౌదరిగారికి ముందు తెలుగున క్రైస్తవ రచన లేకపోలేదు. పదునెనిమిదవ శతాబ్దములోనే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ అను కావ్యమును వ్రాసెను. అది పండితులు చదివి మెచ్చదగినది. కాని కావ్యమును కూలికి పోయివచ్చిన తల్లి ఒడిలో బిడ్డను పెట్టుకొని పాడలేదు. మరియొక ప్రక్కన దొరలు తమ దేశపు పాటలను తెలుగు చేసి, తమ దేశపు రాగములతోనే పాడించుచు వచ్చిరి. వారి ప్రయాసము మంచిదే. అయితే అందులో ఒక చిక్కున్నది. దానిని కొంచెము ఓపికతో వినుడి.

ఇంగ్లీషు మాటలో ఒక అక్షరమును ఒత్తి పలుకుదురు, ప్రక్కదానిని తేల్చివేయుదురు. వారి పాట ఆ ఒత్తు మీద నడచును. మన తెలుగు మాట ఒత్తు మీద నడువదు. హ్రస్వము దీర్ఘముల మీద నడచును. హ్రస్వమునకు ఒక మాత్ర, దీర్ఘమునకు రెండు. దీనినే మన బడిలో లఘువు, గురువు అని నేర్పుదురు. ఇంగ్లీషు రాగమునకు తెలుగు మాటలను తొడిగినప్పుడు రాగము సాగిన చోట హ్రస్వమును సాగదీయవలెను, రాగము పరుగెత్తిన చోట దీర్ఘమును కుదించవలెను. ‘పడి’ అను మాటను సాగదీయుడి, ‘పాడి’ యగును. పాపములో పడినవాడు పాపములో పాడినవాడగును! చదువు వచ్చినవాడు పుస్తకము చూచి అర్థము సరిచేసికొనును. చదువురానివానికి చెవియే పుస్తకము. వాని చెవిలో మాట చెడినయెడల బోధయే చెడును.

చౌదరిగారు ఈ చిక్కును వాదించి విడదీయలేదు. తమ దేశమున భక్తులు పాడుకొను కీర్తన అను రూపమునే పట్టుకొని, అందులో ప్రభువు నామమును నిలిపిరి. కీర్తన నడక మీకు తెలియనిది కాదు. మొదట పల్లవి, కొన్నిటిలో దాని వెంట అనుపల్లవి, పిమ్మట చరణములు. ఒకడు చరణమును పాడును, అందరు పల్లవిని అందుకొందురు. చరణములు పది యున్నను ఇరువది యున్నను సంఘము నేర్చుకొనవలసినది పల్లవి యొక్కటే. రెండు మారులు విన్నయెడల చాలును, మూడవ మారు ముసలియవ్వ సహా అందుకొనును. అక్షరము రానివారే ఎక్కువగా నున్న సంఘమునకు ఇంతకంటె తగిన పద్ధతి లేదు. ఆరాధనలో ఒకడు పాడి తక్కినవారు వినుట కాక, ఒకడు చెప్పగా అందరు ఔననుట ఇందులో జరుగును. చరణములలో కథయు బోధయు సాగుచుండగా, పల్లవి మరల మరల వచ్చి మనస్సును ఒకే మాట దగ్గర నిలుపును. బోధకుడు గంటసేపు చెప్పినది ఇల్లు చేరులోపల మరచువాడు ఈ పల్లవిని పొలములో కలుపు తీయుచు పాడుకొనును.

ఆయన కీర్తనలు నూటికి పైగా నున్నవి. ‘త్రాహిమాం క్రీస్తునాథ’ అని మొదలగు కీర్తనను ఎరుగని తెలుగు క్రైస్తవుడు అరుదు. త్రాహిమాం అనగా నన్ను రక్షింపుమని సంస్కృతము. గుడి మెట్ల యొద్ద, నదీ తీరమున, మరణశయ్య మీద ఈ దేశపు భక్తులు తరతరములుగా మొరపెట్టిన మాట అది. చౌదరిగారు ఆ మాటను పారవేయలేదు. ఎవరికి ఆ మొర చేరవలెనో ఆయన పాదముల యొద్ద దానిని పెట్టిరి. 1980ల దశకమున ఆర్. ఆర్. సుందరరావుగారు తెలుగు కీర్తనలలోని భక్తి తత్త్వమును గూర్చి ఇంగ్లీషున ఒక గ్రంథము ప్రకటించిరి. అందులో ఆయన మన కీర్తనకారులను ఈ దేశపు భక్తకవుల వరుసలో నిలిపి పరిశీలించిరి. పండితులు తరువాత కనుగొనినదానిని పల్లెసంఘము నూరేండ్లకు పూర్వమే పాడుచు అనుభవించెను.

తన పట్టణమును కీర్తనలలో ఆయన పొగడలేదు. అయినను ఒకడు తన ఊరిని ప్రేమించెనని తెలియుటకు ఆ ఊరి పేరు పాటలో నుండనక్కరలేదు. పర్లాకిమిడి వీధిలో చిన్ననాడు వినిన తాళమును, మొర పెట్టు తీరును ఆయన ఎక్కడికి పోయినను వెంట తీసికొనిపోయిరి. ఆయన పనిచేసిన స్థలములు చాలవరకు విశాఖపట్నము నుండి కటకము వరకు పోవు ఒకే రాజబాట మీదనే యున్నవి. ఆ బాట నడుమనుండి లోనికి తిరిగినయెడల పర్లాకిమిడి. అబ్రాహాము తన దేశమును విడిచి దూరము పోయెను. చౌదరిగారు అన్నిటిని విడిచి, విడిచినదాని చుట్టునే తిరుగుచు పాడిరి. ఈ రెండవది మొదటిదానికంటె సుళువని నేను చెప్పజాలను.

ఇప్పుడు కొండ యెక్కుదము. చౌదరిగారి కీర్తన మైదానములోని తెలుగువానికి తన సొంత గొంతును ఇచ్చెను. మరి కొండవానికో?

జర్మనీ దేశమున బ్రెక్లుం అను చిన్న గ్రామమునందు క్రిస్టియన్ యెన్సెన్ అను పాదిరిగారు 1876లో ఒక మిషనును స్థాపించిరి. ఆ మిషనువారు 1882లో ఈ దేశమునకు వచ్చి, బస్తరులో ప్రవేశింప యత్నించి, అది సాగక కోరాపుట్టులోను, పిమ్మట కొండ పాదముననున్న సాలూరులోను నిలిచిరి. జయపురము లూథరను సంఘమునకు అదియే మొదలు. సాలూరులో పనిచేసిన షుల్జె దొరగారు తెలుగుతో తృప్తి పడలేదు. అరకు చుట్టునున్న కొండలలో మనము సామంతులని పిలుచు కోదులు మాటలాడు కువి భాషను నేర్చుకొని, 1911లో దానికి వ్యాకరణమును, 1913లో పదకోశమును ప్రకటించిరి. మరుసటి యేడు యుద్ధము వచ్చెను. జర్మను మిషనరీలు నిర్బంధములోనికి పోయిరి, పని చెదరిపోయెను. అమెరికా లూథరను వారు ఆ సంఘములను ఆదుకొనిరి. షుల్జె దొరగారి పుస్తకము అలమారలో నిలిచెను. సంఘము తెలుగును ఒడియాను పట్టుకొని ముందుకు సాగెను.

పర్లాకిమిడి పట్టణమే ఇట్టివాడు మరియొకని చూచెను. గిడుగు రామమూర్తిగారు 1880లో ఆ పట్టణపు రాజావారి బడిలో ఉపాధ్యాయులుగా చేరిరి. ఆయన క్రైస్తవుడు కాడు. అయినను కొండల నుండి సంతకు వచ్చు సవరల మాట వినుచు, వారికి తమ భాషలో చదువు రావలెనని పట్టుపట్టి, ఒక సవరవానిని ఇంట నుంచుకొని భాష నేర్చుకొనిరి. సవరల పాటలను, కథలను సేకరించిరి, వాచకములు వ్రాసిరి, 1931లో సవర భాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. కొండజ్వరము వలనను, దానికి వాడిన మందు వలనను ఆయన వినికిడి చెడిపోయెను. చెవితో ఒక జనము పాటలను పట్టినవాడు ఆ చెవినే పోగొట్టుకొనెను! ఆ పట్టణమనిన ఆయనకు ప్రాణము. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి పట్టణము దానిలో చేరినప్పుడు, ఏబదియైదేండ్లకు పైగా బ్రదికిన ఊరిని విడిచి ఆయన రాజమహేంద్రవరమునకు వెడలిపోయిరి. 1940లో చనిపోయిరి.

ఈ ఇద్దరిని నేను ఒక్కచోట నిలుపుటకు కారణమున్నది. ఒకరు క్రీస్తు నామమును తన జనుల రాగములో పెట్టిరి. మరియొకరు తనది కాని జనము యొక్క మాటను ప్రాణముగా ఎంచి పుస్తకములో పెట్టిరి. కొండ సంఘములకు కావలసినది ఈ రెండును కలిసినవాడు. మనము చాలకాలము కొండవానికి సిద్ధమైన పాటనిచ్చి, ‘ఇది నేర్చుకొనుము’ అంటిమి. వానికిని పాటయున్నదా అని అడుగుటకు ఆలస్యము చేసితిమి.

వానికి పాటయున్నదో లేదో అరకులో ఉన్నవారికి నేను చెప్పవలెనా? చైత్రమాసమున ఇటుకల పండుగనాడు థింసా కట్టి ఒకరి నడుము మీదుగా ఒకరు చేయివేసి స్త్రీలు అడుగు కలుపుదురు. మోరి ఊదుదురు, డప్పు, తుడుము, కిరిడి మ్రోగించుదురు. ఆ అడుగు తప్పినవారిని ప్రక్కవారు మెల్లగా లాగి వరుసలో కలుపుకొందురు. గాయక బృందమును నడుపుటను గూర్చి పుస్తకములు చదివినవారు ఒకసారి ఆ వరుసను చూడదగును. మన మిషను పెద్దలు చాలచోట్ల డప్పును తుడుమును గుడి వాకిట ఆపివేసిరి. వారికి కారణము లేకపోలేదు. ఆ వాయిద్యములు మ్రోగిన చోట బలియు, ఇప్పసారాయు ఉండెను. క్రొత్తగా విడిచివచ్చినవానికి ఆ ధ్వనియే శోధన. దానిని నేను తేలికగా తీసివేయను. అయితే చౌదరిగారు వచ్చిన బాటను మరల తలంచుకొనుడి. ఆయన వాడిన కీర్తన సహా విగ్రహముల యెదుట పాడబడినదే గదా! మైదానములోని బ్రాహ్మణుడు తన రాగమును తీసికొని రావచ్చును, కొండలోని వాల్మీకియు కోదుడును తమ డప్పును బయట వదలి రావలెను అనునది ఏ లేఖనమునందు వ్రాయబడియున్నది?

పర్లాకిమిడి పైనున్న సవర కొండలలో కెనడా బాప్తిస్టు మిషనువారు సెరంగో మొదలగు చోట్ల ఆస్పత్రియు బడులును నడిపి, సవర భాషలోనే లేఖనములను, పాటలను సిద్ధపరచిరి. అక్కడ జరిగినదానిని పియర్స్ విటెబ్స్కీ అను ఆంగ్ల పండితుడు 1970ల దశకము నుండి కనిపెట్టి, 2017లో ఒక పెద్ద గ్రంథముగా వ్రాసెను. చనిపోయినవారు పూనకములో దిగివచ్చి తమవారితో మాటలాడుదురని పూర్వపు సవరలు నమ్ముచుండిరి. ఆ సంభాషణలు గంటల కొలది సాగును. ఏడ్పు, నవ్వు, జగడము అన్నియు అందులో నుండును. వారి పిల్లలు బాప్తిస్టులై గుడిలో పాడసాగిన పిమ్మట ఆ సంభాషణలు ఆగిపోయెను. విటెబ్స్కీగారు పోయినదానిని తలంచి దుఃఖపడిరి. మనము ఆ పుస్తకమును చూచి కోపపడనక్కరలేదు. భయము విడిచిన యౌవనస్థుని సంతోషమును మనమెరుగుదుము. అది అబద్ధము కాదు. అయితే చనిపోయిన తల్లిని తలంచుకొని ఏడ్చుటకు వానికి సొంత భాషలో ఒక పాట ఉన్నదా అను ప్రశ్న మాత్రము మన యెదుట నిలిచియున్నది. సవరలకు ఆ పాట వారి భాషలో కొంత దొరికెను. అరకు చుట్టునున్న కోదులకు, గదబలకు, పోర్జలకు, కోటియలకు ఎంత దొరికెనో ఆ సంఘముల కాపరులే తమ పుస్తకములను లెక్కపెట్టుకొని చెప్పవలెను.

సర్కారు బడులలో 2004 ప్రాంతము నుండి కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా మొదలగు భాషలలో తెలుగు లిపితో వాచకములు సిద్ధము చేయుట మొదలయ్యెను. బడి పలక మీదికి ఎక్కిన భాష గుడిలోనికి రాకుండుట వింతగా లేదా?

మరియొక సంగతి. 1960ల దశకమున కొత్తవలస నుండి కిరండూలుకు ఇనుపదారి పడెను. అరకు లోయ సొరంగముల గుండ మైదానముతో కలిసెను. దారితోపాటు అన్నియు వచ్చినట్టే పాటలును వచ్చెను. నేడు సెల్‌ఫోనులో దొరకని క్రైస్తవ పాట లేదు. కీబోర్డులో ఒక మీట నొక్కినయెడల తాళము దానంతట అదే కొట్టుకొనును. యౌవనస్థులు వాటితో ప్రభువును స్తుతించుట చూచి నేను సణుగను. చౌదరిగారును తన కాలమునకు యౌవనస్థుడే, ముప్పదవ యేట బాప్తిస్మము పొందినవాడు. నా విచారము వేరు. యంత్రము కొట్టు తాళము ఆగదు. చరణము చివర ముసలివాడు ఊపిరి తీసికొనువరకు అది నిలువదు. మన పాత కీర్తనను నడిపించు పెద్ద తన తొడ మీద చేతితో తాళము వేయుచు, వెనుకబడినవారికొరకు అర క్షణము ఆగును. అందరును పల్లవిలోనికి వచ్చి చేరిన పిమ్మట ముందుకు పోవును. అట్టి పెద్దలు మన సంఘములలో ఇంకను కొందరున్నారు. వారిలో అనేకులు పుస్తకము చూడరు. రాగము పేరు అడిగినయెడల చెప్పలేరు. కాని పాడుమనిన తప్పక పాడుదురు. వారు నేర్చినది తండ్రి నోట, తండ్రి నేర్చినది తన బోధకుని నోట. ఆ వరుస వెంట వెనుకకు పోయినయెడల ఎక్కడో ఒకచోట పర్లాకిమిడి తగులును. పుస్తకములో రాగము పేరు మాత్రమే యుండును, రాగము ఉండదు. అది ఈ పెద్దల గొంతులో నున్నది. వారు ప్రభువునందు నిద్రించినప్పుడు అదియు వారితోకూడ పోవును.

చౌదరిగారు దీర్ఘాయుష్మంతులు. 1866లో గంజాము, ఒరిస్సా సీమలను ఊడ్చివేసిన మహా క్షామమునాటికి అరువదేండ్లు దాటినవారు. 1890 ఆగష్టు నెలలో, ఎనుబదియేడవ యేట, కటకములో కన్నుమూసిరి. ఏబదియేడేండ్లకు పూర్వము ఇల్లు విడిచి బాప్తిస్మమునకై పోయినది ఆ కటకమునకే.

ఆయన పోయిన పదేండ్లకు, 1900లో, నౌపడ నుండి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చెను. 1931లో అది గుణుపురము వరకు కొండల నడుమకు సాగెను. పర్లాకిమిడి నేడు ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్య పట్టణము. దాని ప్రక్కనేయున్న పాతపట్నము ఆంధ్రలో నున్నది. నడుమ ఒక రాష్ట్రపు సరిహద్దు. ఈవల తెలుగు మాటలాడుదురు, ఆవల సహా ఇంకను అనేకులు తెలుగే మాటలాడుదురు. ఆదివారమున ఆ ప్రక్క వారు చేత పట్టుకొను కీర్తనల పుస్తకమును ఈ ప్రక్క మీ చేతిలోనున్న పుస్తకమును ఒకటే.